బంతి లేని 57 నిమిషాలు

పిల్లల ఆటని వీడియో తీయడం అంటే అందరికీ ముద్దుగానే కనిపిస్తుంది. వారమంతా పనిచేసి, శనివారం పొద్దున్నే లేచి, మైదానం పక్కన కెమెరా పట్టుకుని నిలబడే తండ్రిని ఎవరు తప్పు పడతారు? నేను పడతాను. అమెరికా శివార్లలో ప్రతి వారాంతం జరిగే ఈ చిత్రీకరణలో చాలా భాగం ఆటని చూడటానికి కాదు, ఆటని కత్తిరించి పారేయడానికి ఉపయోగపడుతోంది. ఈ మాట దూరంగా కూర్చుని అనడం లేదు. న్యూజెర్సీలో మా అబ్బాయి ఆడే అండర్-12 సాకర్ జట్టుకి రెండు సీజన్లుగా కెమెరా వాలంటీర్ని నేనే. ట్రైపాడ్ మోసేదీ, బ్యాటరీలు చార్జ్ చేసేదీ, రాత్రి కూర్చుని ఫైళ్ళు ఎక్కించేదీ నేనే.

ముందు ఒక చిన్న లెక్క. ఈ వయసులో జట్టుకి తొమ్మిది మంది. 30 నిమిషాల చొప్పున రెండు భాగాలు. అంటే మైదానంలో 18 మంది, 60 నిమిషాలు. బంతి క్షణం కూడా ఖాళీగా ఉండదు, ఎప్పుడూ ఎవరో ఒకరి కాళ్ళ దగ్గరే ఉంటుంది అనుకున్నా, సగటున ఒక్కొక్కరికీ దక్కేది మూడు నిమిషాల పైచిలుకు. బంతి గాల్లో ఉన్నదీ, గీత దాటిందీ తీసేస్తే అంత కూడా ఉండదు. మరి మిగతా 57 నిమిషాలు ఆ పిల్లాడు ఏం చేస్తున్నట్టు?

ఆడుతున్నాడు. పక్కవాడు ముందుకి పరిగెడితే వాడు వదిలిన చోటుని కాస్తున్నాడు. బంతి రాకముందే భుజం మీదుగా వెనక్కి చూసుకుంటున్నాడు. తనకి బంతి రాదని తెలిసీ పరిగెత్తి, ఇద్దరు ప్రత్యర్థుల్ని తనవెంట లాక్కెళ్తున్నాడు. గోల్ మిస్ చేసినవాడి వీపు మీద చెయ్యి వేస్తున్నాడు. సాకర్ అంటే ఎక్కువ భాగం ఇదే. హైలైట్ రీల్ విసిరి పారేసేదీ ఇదే.

"అన్నా, మావాడు బంతి ముట్టుకున్నవి మాత్రం కట్ చేసి పంపవా?" అని అడిగేవాళ్ళు ప్రతి మ్యాచ్ తర్వాతా ఉంటారు. మర్నాటికి ఆ ముక్కలకి స్లో మోషన్, వెనక ఒక మాస్ బీజీఎం, పేరు మీద మెరుపులు. మనకి హీరో ఎంట్రీలు చూసి పెరిగిన కళ్ళు కదా, పదకొండేళ్ళ పిల్లాడికి కూడా ఎలివేషన్ కావాలి. ఎలివేషన్ సూత్రం మనకి తెలిసిందే: ఒకడు లేవాలంటే చుట్టూ ఉన్నవాళ్ళందరూ జూనియర్ ఆర్టిస్టులు అయిపోవాలి. ఆ పాస్ ఇచ్చిన పిల్లాడు ఫ్రేములో అర సెకను కనిపిస్తాడు. వాడికీ ఒక అమ్మ ఉంది, ఆమె చేతిలో ఇంకో ఫోన్ ఉంది, దాంట్లో మీవాడు జూనియర్ ఆర్టిస్టు.

సాహిత్యం చదివేవాళ్ళకి ఇది కొత్త జబ్బేం కాదు. నవల చదవకుండా కొటేషన్లు పంచుకోవడం, కథ వదిలేసి చివరి వాక్యానికి చప్పట్లు కొట్టడం చూస్తూనే ఉన్నాం. తేడా ఏంటంటే, నవలకి ఏమీ కాదు, అది అలమరాలో భద్రంగానే ఉంటుంది. పిల్లాడు అలా కాదు. వాడు తన రీల్ చూసుకుంటాడు. ఏది చేస్తే అందులోకి ఎక్కుతుందో, ఏది చేస్తే ఎక్కదో వాడికి రెండు వారాల్లో అర్థమైపోతుంది. పాస్ ఇవ్వాల్సిన చోట షాట్ కొడతాడు. గోల్ కొట్టాక తోటివాళ్ళ వైపు కాకుండా ట్రైపాడ్ వైపు చూసే పిల్లల్ని నేను లెన్సులోంచి చూశాను. వాళ్ళకి ఆ చూపు నేర్పింది కోచ్ కాదు.

యంత్రం కూడా మనల్ని చూసే నేర్చుకుంది. ఇప్పుడొస్తున్న ఆటోమేటిక్ కెమెరాలు మైదానం మొత్తాన్నీ రికార్డ్ చేస్తాయి. తర్వాత సాఫ్ట్‌వేర్ బంతి ఎక్కడుందో వెతికి, ఆ చుట్టుపక్కల మాత్రం కత్తిరించి మనకి చూపిస్తుంది. వృత్తిరీత్యా ఆ పనితనాన్ని మెచ్చుకుంటాను. కానీ బంతి ఉన్నచోటే ఆట ఉందని దానికి చెప్పింది మనమే.

కాలేజీ సీటుకి పనికొస్తుంది కదా అంటారు. ఎన్‌సీఏఏ నియమాల ప్రకారం డివిజన్ 1 సాకర్ కోచ్‌లు పదో తరగతి ముగిశాక, జూన్ 15 వరకూ పిల్లలతో రిక్రూటింగ్ మాటలు మొదలుపెట్టకూడదు. ఐదో తరగతి పిల్లాడి రీల్ మరి ఎవరి కోసం? నిజం ఒప్పుకుందాం, వాట్సాప్ గ్రూప్ కోసం.

గుంటూరులో ఉన్న అమ్మమ్మ చూసుకోవద్దా అంటారు. తప్పకుండా చూడాలి. కానీ అమ్మమ్మకి గోల్స్ తో పని లేదు. "వాడేంటి అంత చిక్కిపోయాడు? నీళ్ళు తాగుతున్నాడా?" అని అడుగుతుంది. ఆవిడ చూసేది ఆ 57 నిమిషాలనే. మనందరిలోకీ అసలైన ప్రేక్షకురాలు ఆవిడే.

ఎక్కువసేపు చూస్తే ఏం దొరుకుతుందో తెలియాలంటే 1994లో వచ్చిన స్టీవ్ జేమ్స్ డాక్యుమెంటరీ 'హూప్ డ్రీమ్స్' చూడండి. షికాగోకి చెందిన ఇద్దరు బాస్కెట్‌బాల్ కుర్రాళ్ళ వెంట దాదాపు ఐదేళ్ళు తిరిగి, సుమారు 250 గంటలు చిత్రీకరించి, మూడు గంటలకి కాస్త తక్కువ సినిమా చేశారు. అక్కడా కత్తిరింపు ఉంది. కానీ మోకాలి గాయం, ఫీజు కట్టలేక బడి మారడం, తల్లి ముఖం - ఇవన్నీ మిగిలాయి. మనం ముందుగా తీసేసేవి అవే.

చట్టాలు లేవా? ఉన్నాయి. అమెరికాలో 1998 నాటి కోపా చట్టం ప్రకారం 13 ఏళ్ళలోపు పిల్లల సమాచారం ఆన్‌లైన్‌లో సేకరించాలంటే కంపెనీలు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి. మన దేశంలో 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం ఆ వయసుని 18కి పెంచింది. రెండూ తల్లిదండ్రుల్నే కాపలా పెట్టాయి. కంచే చేను మేస్తే ఏ చట్టం ఏం చేస్తుంది?

అందుకే నియమం మనమే పెట్టుకోవాలి. ఆట చెడిపోతుందని అడ్డుపడకండి. పదేళ్ళలోపు పిల్లలు బంతిని తలతో కొట్టకూడదని అమెరికా సాకర్ సమాఖ్య 2015లో నిర్ణయించింది. ఆట ఏమీ ఆగలేదు. పుర్రె లోపల దెబ్బ పైకి కనపడదనే కదా ఆ జాగ్రత్త. ఈ దెబ్బా కనపడదు.

నా డిమాండ్లు నాలుగే. కెమెరా ఎత్తులో పెట్టి, మైదానం మొత్తం కనపడేలా తీయాలి. ఎవరి పిల్లల మీదకీ జూమ్ వద్దు, వాలంటీర్ పిల్లాడి మీదకి అసలే వద్దు. గీత పక్కన తల్లిదండ్రులు వేసే కేకలు పిల్లలు మళ్ళీ వినక్కర్లేదు, సౌండ్ తీసేయాలి. వీడియో ముందుగా కోచ్, పిల్లలు కలిసి చూడాలి, ఏ ముక్క దగ్గర ఆపాలో వాళ్ళు చెప్పాలి. సీజన్ అయిపోయాక ఏది ఉంచాలో, ఏది చెరిపేయాలో కూడా పిల్లల్నే అడగాలి. వాళ్ళు వద్దంటే డిలీట్.

"మరి జ్ఞాపకాలో?" అంటారు. ఆడింది వాళ్ళు. జ్ఞాపకం వాళ్ళది. మనం కెమెరా మోసినవాళ్ళం, అంతే.