తీరిక ఎవరి సొత్తు?

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని మన ఇళ్ళల్లో పెద్దలు తరచూ అంటుంటారు. మన తాతలకు కరగడానికి కొండలెక్కడివి? కొండలున్నవాళ్ళు చెప్పుకోవలసిన సామెత కూలికి పోయే ఇళ్ళల్లో వచ్చి కూర్చుంది. అందుకే సెలవు రోజున కాసేపు ఊరికే ఉన్నా మనలో చాలామందికి ఏదో తప్పు చేసినట్లు ఉంటుంది. అమ్మ మిరపచేలో వంగి పని చేస్తుంటే నేనిక్కడ క్యారమ్స్ ఆడుతున్నానే అన్న బాధ హాస్టల్లో చదివిన ఎవరికీ కొత్త కాదు. ఆ బాధలో ప్రేమ ఉంది, కాదనను. కానీ దాని వెనుక ఒక చరిత్ర కూడా ఉంది.

స్కూల్ అనే మాట గ్రీకు భాషలో తీరిక అని అర్థం వచ్చే పదం నుండి పుట్టింది. తీరిక ఉన్నవాడే చదువుకోగలడని వాళ్ళకు తెలుసు. ఆ తీరికను వాళ్ళకు సంపాదించి పెట్టింది మాత్రం బానిసలు. మన దేశంలో ఆ ఏర్పాటు కులం చేసింది. ఒకరు శాస్త్రాలు చదువుకోవాలంటే ఇంకొకరు తెల్లవారకముందే దొరగారి పశువుల కొట్టంలో ఉండాలి. పాలేరుకు, జీతగాడికి పని గంటలంటూ లేవు. జాతర ఊరందరికీ పండుగ, డప్పు కొట్టేవాడికి మాత్రం అదీ పనిరోజే! వెట్టిచాకిరీని దేశమంతటా రద్దు చేస్తూ చట్టం వచ్చింది 1976లో.

మనం హాయిగా అనుభవించే ఆదివారం కూడా ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. ఫూలే అనుచరుడు నారాయణ్ మేఘాజీ లోఖండే బొంబాయి మిల్లు కార్మికులను కూడగట్టి ఏళ్ళ తరబడి అడిగితే, 1890 జూన్ 10న యజమానులు వారానికొక సెలవుకు ఒప్పుకున్నారు.

బాబాసాహెబ్ అంబేడ్కర్ 1942 నుండి 1946 వరకు వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ చూశారు. ఆయన పద్నాలుగు గంటల పనిని ఒక్కసారిగా ఎనిమిది గంటలు చేశారని జయంతి పోస్టర్లలో రాస్తుంటారు. జరిగింది ఏమిటంటే, ఫ్యాక్టరీలలో వారానికి 54 గంటలున్న పరిమితి 1946 సవరణతో 48 గంటలకు తగ్గింది. ఇదేమీ చిన్న విషయం కాదు, పెంచి చెప్పాల్సిన అవసరం లేదు. యంత్రాలు వద్దన్న గాంధీజీ వాదానికి 1945 నాటి తన పుస్తకంలో ఆయన ఇచ్చిన జవాబు మనమంతా చదవాలి. పశువు బతుకు నుండి మనిషిని వేరు చేసేది సంస్కృతి, సంస్కృతికి తీరిక కావాలి, ఆ తీరికను పేదవాడికి ఇవ్వగలిగేది యంత్రమేనని ఆయన వాదన. రాజ్యాంగం 43వ అధికరణంలో వ్యవసాయ కూలీతో సహా పనిచేసే అందరికీ తీరిక దక్కాలని రాసి ఉంది. ఆదేశిక సూత్రం కనుక కోర్టుకు వెళ్ళి అడగలేం, అది వేరే సంగతి.

ఇక మన హాస్టల్ విషయం. టెన్త్ పరీక్షలు దగ్గరపడగానే సాయంత్రం ఆటల గంటను స్టడీ అవర్‌గా మార్చేస్తారు. మంచి ఉద్దేశంతోనే చేస్తారు, కానీ నేను ఒప్పుకోను. చదివింది మెదడులో నిలవాలంటే విశ్రాంతి, నిద్ర కావాలి. డబ్బున్నవాళ్ళ పిల్లలకు ట్యూషనూ ఉంటుంది, షటిల్ కోర్టూ ఉంటుంది. మన పిల్లలకే రెండింట్లో ఒకటి అనడం ఏం న్యాయం? ఆట, విరామం పిల్లల హక్కులని చెప్పే 1989 ఐక్యరాజ్యసమితి ఒడంబడికను మన దేశం 1992లోనే అంగీకరించింది.

సెల్‌ఫోన్ గురించి ఒక మాట. అలసిన మనసు సులువైన దానినే వెతుక్కుంటుంది, కనుక రీల్స్ చూసేవాళ్ళను నేను తిట్టను. కాని ఆ గంట మనదనుకుంటున్నాం, దాన్ని ప్రకటనలకు అమ్ముకునే కంపెనీలు వేరే ఉన్నాయి.

చెల్లెళ్ళ సంగతి ఇంకా కష్టం. సంక్రాంతి సెలవులకు ఇంటికెళ్ళిన అన్న బ్యాటు పట్టుకుని బయటికి పోతాడు, చెల్లెలు పొయ్యి దగ్గరికి పోతుంది. తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరినీ సెలవులు బాగా గడిచాయా అనే అడుగుతాం.

పూర్వ విద్యార్థులం ప్రతి ఏటా ఫ్యాన్లో, ప్లేట్లో, గోడ గడియారాలో ఇస్తున్నాం. ఈసారి వాలీబాల్ నెట్టు, క్యారమ్ బోర్డులు, కథల పుస్తకాలు, ఒక జత డప్పులు ఇద్దాం. సాయంత్రం ఆటల గంట మార్చి నెలలో కూడా తీసేయవద్దని వార్డెన్ గారిని అందరం కలిసి అడుగుదాం. బాలికల హాస్టల్‌కు కూడా ఇక్కడ ఇచ్చినన్నీ ఇవ్వాలి, వాలీబాల్ నెట్టుతో సహా.