గేటు దగ్గర నిలబడ్డ మనవాళ్లకు చట్టం ఏమిచ్చింది?

ప్రతి వార్షికోత్సవంలోనూ మన పూర్వ విద్యార్థుల్లో పైకొచ్చినవాళ్ల పేర్లు వేదిక మీద చదువుతారు. టీచర్లు, కానిస్టేబుళ్లు, బ్యాంకు ఉద్యోగులు, ఒకరిద్దరు గ్రూప్స్ అధికారులు. మనం చప్పట్లు కొడతాం. కొట్టాల్సిందే. కాని చదవని పేర్లు అంతకన్నా ఎక్కువ ఉంటాయి. పది తప్పినవాళ్లు, ఇంటర్ మధ్యలో ఆపేసినవాళ్లు, డిగ్రీ అయ్యాక కోచింగ్ ఫీజు కట్టలేక హైదరాబాదులో దొరికిన పనిలో చేరినవాళ్లు. వాళ్లలో చాలామంది ఇవాళ యూనిఫాం వేసుకుని ఏ అపార్టుమెంటు గేటు దగ్గరో, ఏ ఆసుపత్రి ముందో, ఏ షాపింగ్ మాల్ పార్కింగులోనో నిలబడి ఉన్నారు.

మిత్రులారా, ఈ వ్యాసం వాళ్ల గురించి. వాళ్లను పనిలోకి పంపే ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల మీద ప్రభుత్వ అజమాయిషీ ఎంత, ఆ అజమాయిషీ ఎవరి మేలు కోసం అన్న దాని గురించి. మా ఇళ్లలో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాళ్లం మేం. మాలో కొందరం పీజీ చదువుతూ రాత్రిపూట ఈ డ్యూటీలే చేశాం. ఒకరి నాయిన ఇప్పటికీ చేస్తున్నాడు. అందుకని చట్టం చదివి రాసిన మాటలు కొన్ని, ఒంటికి తగిలి రాసినవి కొన్ని ఇందులో ఉంటాయి.

ఒకప్పుడు పట్నంలో కాపలా అంటే రాత్రి కర్రతో నేల కొడుతూ విజిల్ ఊదుకుంటూ తిరిగే గూర్ఖా. ఊళ్లో అయితే కావలికారు. చాలాచోట్ల ఆ పని చేసింది మన తాతలే, అదీ వెట్టికి. 1991 తర్వాత ఆర్థిక సంస్కరణలు వచ్చి, ఏటీఎంలు, మాల్స్, సాఫ్ట్‌వేర్ కంపెనీలు, గేటెడ్ కాలనీలు పెరిగాక కాపలా ఒక పెద్ద వ్యాపారమైంది. ప్రభుత్వ ఆఫీసులు, ఆసుపత్రులు కూడా వాచ్‌మన్ పోస్టులు భర్తీ చేయడం మానేసి మనుషుల్ని ఏజెన్సీల నుంచి తెచ్చుకోవడం మొదలుపెట్టాయి.

ఈ వ్యాపారానికి పగ్గం వేయడానికి పార్లమెంటు 2005లో ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం చేసింది. 2006 మార్చి 14న అది అమలులోకి వచ్చింది. దాని ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరాలు కలిపి ఏజెన్సీలవాళ్లు 'పసారా' అంటుంటారు. లైసెన్సు లేకుండా ఎవరూ కాపలా మనుషుల్ని సరఫరా చేయకూడదని ఆ చట్టం చెప్పింది. చేస్తే ఏడాది దాకా జైలు, లేదా 25,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ప్రతి రాష్ట్రంలో హోం శాఖ జాయింట్ సెక్రటరీ స్థాయికి తగ్గని అధికారి ఒకరు కంట్రోలింగ్ అథారిటీగా ఉండాలి, లైసెన్సు ఇచ్చేదీ రద్దు చేసేదీ ఆయనే. ఒకసారి ఇస్తే ఐదేళ్లు. ఫీజు ఒక జిల్లాకైతే 5,000, ఐదు జిల్లాల దాకా 10,000, రాష్ట్రమంతటికీ 25,000 అని రాశారు.

గార్డుకు పెట్టిన షరతులు చూడండి. వయసు 18కి తగ్గకూడదు, 65 దాటకూడదు. నడవడిక గురించి విచారణ జరగాలి. నేరం రుజువై శిక్ష పడినవాడు పనికిరాడు. కేంద్రం 2006లో ఇచ్చిన నమూనా నిబంధనల ప్రకారం 100 గంటలు తరగతిలో, 60 గంటలు బయట, మొత్తం కనీసం 20 పనిదినాలు శిక్షణ ఉండాలి. మగవాళ్లయితే 160 సెంటీమీటర్లు, ఆడవాళ్లయితే 150 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. ఆరు నిమిషాల్లో కిలోమీటరు పరుగెత్తాలి. (మన పెదనాయినలు, బాబాయిలు యాభై దాటాక పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చి ఈ పరుగు ఎలా పరుగెత్తుతారో నిబంధన రాసిన పెద్దమనిషికే తెలియాలి.)

ఈ షరతులు అనవసరమని మేం అనడం లేదు. 2012లో ముంబయిలో ఒక యువ న్యాయవాదిని ఆమె ఉంటున్న భవనం వాచ్‌మనే హత్య చేశాడు. మరుసటి ఏడాది నవంబరులో బెంగళూరులో గార్డు లేని ఏటీఎంలో ఒక మహిళ మీద వేటకత్తితో దాడి జరిగింది. నిందితుడు 2017లో మన తెలుగునేల మీదే, మదనపల్లెలో దొరికాడు. ఒక ఘటన తర్వాత గార్డుల్ని తనిఖీ చేయండి అని అడిగారు, రెండో దాని తర్వాత గార్డుల్ని పెట్టండి అని అడిగారు. రెండూ న్యాయమైన కోరికలే. గేటు లోపల ఉన్నవాళ్ల భయం నిజమైనదే. మా బాధల్లా ఒక్కటే. ఏటీఎంలో రాత్రంతా ఒంటరిగా నిలబడేవాడికి ఎంత ఇస్తున్నారు, అతని మీద దాడి జరిగితే దిక్కెవరు అని మాత్రం ఆ గొడవలో పెద్దగా ఎవరూ అడగలేదు.

అసలు విషయం ఇక్కడే ఉంది. చట్టం అమలయ్యే తీరు చూస్తే అనుమానమంతా గార్డు మీద, నమ్మకమంతా ఏజెన్సీ మీద. గార్డు వేలిముద్ర ఇవ్వాలి, ఆధార్ ఇవ్వాలి, పోలీసు విచారణకు నిలబడాలి. ఏజెన్సీ మాత్రం లైసెన్సు కాగితం ఫ్రేము కట్టి గోడకు తగిలిస్తే చాలు.

మా అనుభవం చెప్తాం. మాలో ముగ్గురం ఒకే ఏజెన్సీలో చేరాం. పేరు ఇక్కడ అనవసరం. 160 గంటల శిక్షణ మాకు అరగంటలో అయిపోయింది. సెల్యూట్ ఎలా కొట్టాలో, గేటు రిజిస్టరులో బండి నంబరు ఎక్కడ రాయాలో సూపర్‌వైజర్ చూపించాడు. ఎవరికో కుట్టిన యూనిఫాం ఇచ్చి, దాని డబ్బులు మూడు నెలల జీతంలో కోసుకున్నారు. అగ్గి ఆర్పే ఎర్ర సిలిండరు పిన్ను ఎలా లాగాలో ఎవరూ చెప్పలేదు. దాని పక్కనే కుర్చీ వేసుకుని రాత్రులు కూర్చున్నాం. పొద్దున రిలీవర్ రాకపోతే డబుల్ డ్యూటీ. ఆ రోజు యూనివర్సిటీ క్లాసు పోయినట్టే. ఎనిమిది గంటలు దాటితే అదనపు గంటకు రెట్టింపు ఇవ్వాలని మాకు తర్వాత తెలిసింది. మాకు పన్నెండు గంటలకే ఒక లెక్క ఉండేది. మాలో ఒకరికి చూపించిన కాగితంలో పి.ఎఫ్. కింద కార్మికుడి వాటా 12 శాతం, యజమాని వాటా 12 శాతం, రెండూ అతని జీతంలోనే తీసేశారు. అడిగితే ఫీల్డ్ ఆఫీసర్ "పట్నంలో అందరికీ ఇట్లనే ఉంటది తమ్మీ" అన్నాడు.

చట్టంలో దీనికి మందు లేదా అంటే, ఉంది! చాలామందికి తెలియని సంగతి ఇది. 2005 చట్టం చివర ఒక షెడ్యూలు ఉంది. కనీస వేతనాల చట్టం, పి.ఎఫ్. చట్టం, కాంట్రాక్టు కార్మికుల చట్టం, గ్రాట్యుటీ చట్టం వంటివి అందులో రాసి, వాటిని ఉల్లంఘించిన ఏజెన్సీ లైసెన్సు రద్దు చేయవచ్చని 13వ సెక్షన్‌లో చెప్పారు. 15వ సెక్షన్ ప్రకారం ప్రతి గార్డు పేరు, చిరునామా, ఫోటోతో పాటు జీతం కూడా రిజిస్టరులో రాసి ఉంచాలి. 16వ సెక్షన్ ప్రకారం అధికారి ఆఫీసుకు వెళ్లి ఆ రికార్డు చూడవచ్చు. 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్లు అమలులోకి వచ్చి ఆ పాత కార్మిక చట్టాలు వాటిలో కలిసిపోయాయి. పేర్లు మారినా కనీస వేతనం, పి.ఎఫ్. ఇవ్వాల్సిన బాధ్యత ఎక్కడికీ పోలేదు.

మరి ఎందుకు జరగడం లేదు? లైసెన్సు హోం శాఖ చేతిలో ఉంది. జీతం సంగతి కార్మిక శాఖది. హోం శాఖ దృష్టి నేరం మీద ఉంటుంది. గార్డు దొంగతనం చేశాడా అని చూస్తుంది, గార్డు జీతంలో దొంగతనం జరిగిందా అని చూడడం తన పని అనుకోదు. కార్మిక శాఖకు ఫిర్యాదు వెళ్తే విచారణ జరుగుతుందేమో గాని, లైసెన్సు మీద చేయి వేసే అధికారం దానికి లేదు. ఈ రెండు బల్లల మధ్య మన మనిషి నలిగిపోతున్నాడు. 2019లో లైసెన్సుల కోసం కేంద్ర హోం శాఖ ఆన్‌లైన్ పోర్టల్ తెచ్చింది. ఏజెన్సీ తిరగాల్సిన ఆఫీసులు తగ్గాయి, సంతోషమే. అంతకుముందే 2016లో ఈ రంగంలో విదేశీ పెట్టుబడి 74 శాతం దాకా రానిచ్చారు. దారులన్నీ ఏజెన్సీకే సాఫు చేశారు.

మా డిమాండు చిన్నది. ఐదేళ్లకోసారి లైసెన్సు రెన్యువల్‌కు వచ్చినప్పుడు ఆ ఏజెన్సీ గార్డుల జీతాల రిజిస్టరు, బ్యాంకు ద్వారా చెల్లించిన రుజువు, పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. చలాన్లు కార్మిక శాఖ చూసి సంతకం పెడితేనే హోం శాఖ రెన్యువల్ చేయాలి. కొత్త చట్టం అక్కరలేదు. ఉన్న సెక్షన్లను పక్కపక్కన పెట్టి చదివితే చాలు.

ఇంతకన్నా గట్టి దారి కూడా ఉంది. మహారాష్ట్ర 1981లోనే ప్రైవేటు సెక్యూరిటీ గార్డుల ఉపాధి, సంక్షేమ చట్టం చేసింది. అక్కడ గార్డుల బోర్డు ఉంటుంది. గార్డు బోర్డులో నమోదవుతాడు, కాపలా కావాల్సిన సంస్థ జీతాన్ని, దాని మీద లెవీని బోర్డుకు కడుతుంది, బోర్డు గార్డుకు ఇస్తుంది. పి.ఎఫ్., సెలవు జీతం, గ్రాట్యుటీ ఆ లెవీలోంచే. హమాలీల కోసం అదే రాష్ట్రం 1969లో చేసిన మాథాడీ చట్టం దీనికి దారి చూపింది. మినహాయింపులు తెచ్చుకుని తప్పించుకున్న ఏజెన్సీలు అక్కడా ఉన్నాయి, అది స్వర్గమేమీ కాదు. కాని 2005 చట్టం పేరులో ఏజెన్సీ ఉంది, 1981 చట్టం పేరులో గార్డు ఉన్నాడు. ఆ తేడా చదివినప్పుడు మాకు గుండెల్లో ఏదో తగిలింది.

ఏజెన్సీల వాదన కూడా విన్నాం. "టెండరులో అందరికన్నా తక్కువ రాసినవాడికే పని ఇస్తారు, మేమెక్కడి నుంచి తెచ్చి ఇవ్వాలి?" అంటారు. ఇందులో నిజం ఉంది. కనీస వేతనం, పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. కలిపితే తలకు ఎంత అవుతుందో గుణించడం ఏడో తరగతి పిల్లవాడికి కూడా వస్తుంది. అంతకన్నా తక్కువకు ఒప్పుకున్న ఏజెన్సీ ఆ తేడాను గార్డు జేబులోంచే తీస్తుందని సంతకం పెట్టేవాళ్లకు తెలుసు. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు యజమానే చెల్లించాలని 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం చెప్పింది, ఇప్పటి కోడ్ కూడా అదే చెప్తోంది. అయినా సంతకాలు ఆగడం లేదు.

ఇక్కడ మన అన్నలతో ఒక మాట. మీలో బ్యాంకు మేనేజర్లున్నారు, కాలేజీ ప్రిన్సిపాళ్లున్నారు, అపార్టుమెంటు సంఘాల సెక్రటరీలున్నారు. సెక్యూరిటీ కాంట్రాక్టు ఫైలు మీ బల్ల మీదికి కూడా వస్తుంది. ఇదే హాస్టల్లో ఇదే పళ్లెంలో తిన్న తమ్ముడు ఆ కాంట్రాక్టు కింద మీ గేటు దగ్గర ఉండి ఉండవచ్చు. మీరు కారు దిగుతుంటే సిగ్గుపడి మొహం తిప్పుకుని ఉండవచ్చు కూడా. అతనికి మీరు టీ డబ్బులు ఇవ్వనక్కరలేదు. బిల్లు పాస్ చేసే ముందు గత నెల పి.ఎఫ్. చలాను, జీతాల పట్టిక జతచేయమని ఫైలు మీద ఒక వాక్యం రాయండి.

అపార్టుమెంటువాళ్లు ఏజెన్సీ లేకుండా నేరుగా పెట్టుకున్న వాచ్‌మన్ సంగతి వేరే. సెల్లారు గదిలో కుటుంబంతో ఉండి, భార్య నాలుగిళ్లలో పనిచేస్తే గాని గడవని ఆ మనిషి ఈ లైసెన్సు చట్టం పరిధిలోకే రాడు. అతని పిల్లలు కొందరు మన హాస్టళ్లలోనే చదువుతున్నారు. దాని మీద వేరే వ్యాసం రాయాలి.

ఇక ఇప్పుడు డ్యూటీల్లో ఉన్న తమ్ముళ్లకు, చేరబోయేవాళ్లకు. ఏజెన్సీ లైసెన్సు నంబరు అడిగి రాసుకోండి. 17వ సెక్షన్ కింద ఫోటో గుర్తింపు కార్డు ఇవ్వడం ఏజెన్సీ బాధ్యత, అది లేకుండా పాయింటులో నిలబడకండి. నియామక పత్రం తప్పనిసరి అని కొత్త కోడ్లు చెప్తున్నాయి, అదీ అడగండి. పి.ఎఫ్. యు.ఎ.ఎన్. నంబరు తీసుకుని, డబ్బు పడుతోందో లేదో నెలనెలా ఫోనులోనే చూసుకోండి. ఒక్కడు అడిగితే పాయింటు మారుస్తారు, అది మాకూ జరిగింది. అందుకని ఒక సైటులో ఉన్నవాళ్లంతా కలిసి కాగితం మీద సంతకాలు పెట్టి అడగండి. ఆ అర్జీ ఒక కాపీ కార్మిక శాఖకు, ఇంకో కాపీ హోం శాఖలోని కంట్రోలింగ్ అథారిటీకి పంపండి. రాయడం రాకపోతే ఆదివారం మా గదికి రండి, మేం రాసిపెడతాం.