రబ్బా, రావా: పాఠభేదములును వక్తృనిర్ణయమును

యూదుల ధర్మశాస్త్రమైన బాబిలోనియా తాల్ముదునందు నామసామ్యము గల ఆచార్యులు పెక్కురు కలరు. వారిలో రబ్బా, రావా అను నిరువురిని వేరుపరచుట మిక్కిలి క్లిష్టము. హీబ్రూ లిపిలో రెండు పేర్లును మూడేసి అక్షరములవి. మొదటి రెండును సమానములు. తుదియక్షరము ఒకచో ‘హే’, మరియొకచో ‘ఆలెఫ్’. పదాంతమున ఆ రెండును ఆకారమునే సూచించును.

వాక్యము మారనప్పుడు వక్త ఎవరైన నేమి యనుట తగదు. పుంబెదితా పీఠాచార్యుడైన రబ్బా బర్ నహ్మానీ అబయేకు గురువు, క్రీ.శ. 320 ప్రాంతమున గతించెను. మహోజాలో బోధించిన రావా అబయేకు ప్రతివాది. 352 ప్రాంతమున గతించెను. అబయే, రావాలకు వివాదము కలిగినచో ఆరు స్థలములందు తప్ప రావా మతమే గ్రాహ్యమని సంప్రదాయ నియమము. రబ్బాకును రవ్ యోసెఫునకును వివాదము కలిగినచో మూడింట తప్ప రబ్బా మతము గ్రాహ్యము. కావున ఒక్క యక్షరము తారుమారైనచో వర్తించు నియమమే మారును.

ఇట్టి చోట్ల వ్రాతప్రతులను లెక్కించి, అధికసంఖ్యాకమైన పాఠమును స్వీకరించువారు కలరు. ఆ పద్ధతి సులభమే గాని నమ్మదగినది కాదు. రెండు పేర్లును ‘రవ్ అబ్బా’ అను నొక్క రూపమునుండియే పుట్టినవనియు, హే-ఆలెఫ్ విభాగము తరువాతి వ్రాయసకాండ్ర ఏర్పాటనియు షమ్మా ఫ్రీడ్‌మన్ 1992లో ప్రకటించిన వ్యాసమున వాదించెను. అది యథార్థమైనచో తుదియక్షరము సాక్ష్యము కాదు, పూర్వలేఖకుని అభిప్రాయము మాత్రమే. పది ప్రతులు ఒక్క లేఖకుని ఊహను అనుసరించినచో అవి పది సాక్ష్యములగునా? సంస్కృతమున ఆర్యభటీయమునకు 629లో భాష్యము రచించిన భాస్కరుని, లీలావతీకర్తయగు భాస్కరునినుండి అక్షరములు చూచి వేరుపరచినవా రెవ్వరు?

ఎలియెజెర్, ఎలాజార్ అను పేర్ల విషయము కొంత భిన్నము. ఇవి నిజముగా వేర్వేరు నామములు. భేదము ‘యోద్’ అను చిన్న గీత. అయినను లేఖకులు రెండింటిని ఒక్క సంక్షేపముతోనే వ్రాయుచుండిరి. దానిని విస్తరించిన వాడు తనకు తోచిన పేరు పెట్టెను. ఎలియెజెర్ బెన్ హిర్కానస్ అకీవాకు గురువు, ఎలాజార్ బెన్ షమ్మూవా శిష్యుడు. పొరపాటు జరిగినచో రెండు తరములు కలగాపులగమగును.

రబ్బా-రావాల యెడ శరణ్యము సాహచర్యము. రవ్ యోసెఫు ప్రక్కనున్నచో రబ్బాయే యగుట యెక్కువ. అబయే పేరు మాత్రము చాలదు, అతడు ఇరువురితోను సంభాషించెను గదా. అతని మాట ముందు వచ్చినచో రావాయని ఊహింపవచ్చును, శిష్యుని పేరు గురువు పేరునకు ముందు నిలుచుట అరుదు.

ఇట్టి ఊహను మూలమున చొప్పించుట వేరొక దోషము. 1171లో గతించిన రబ్బేను తామ్, తన తాత రాషీ సవరణలను వ్యాఖ్యలో నుంచెనని మెచ్చి, మూలమునే దిద్దిన తన అన్న రష్బామును నిందించెను. ఆ మందలింపు అందరును పాటింపలేదు. 1342 నాటి మ్యూనిక్ ప్రతి దాదాపు సంపూర్ణముగ నిలిచినది గనుకనే రాఫెల్ నాథన్ రబ్బినోవిచ్ 19వ శతాబ్దమున దాని పాఠములను ముద్రితములతో పోల్చి చూపగలిగెను. తాల్ముదునకు నూతన పరిష్కరణము చేయువారు ప్రతిలోని హే, ఆలెఫులను ఉన్నవి ఉన్నట్లు మూలమున ముద్రించి, వక్తృనిర్ణయమును అడుగున వ్రాయుదురు గాక.