అందరి తీర్మానంలో ఎవరి నష్టం ఎంత?

2011 సార్వాకు (ఖరీఫ్‌కు) కోనసీమలో చాలా ఊళ్లు నారు పోయలేదు. కాల్వల్లో గోదావరి నీళ్లున్నా పంట విరామమే అని తీర్మానించాయి. ధాన్యం అమ్మితే పెట్టుబడి తిరిగి రావట్లేదు. మురుగు కాల్వలు పూడిపోయి, ఒక్క గట్టి వానకే చేను మునుగుతోంది. ఊడ్పులకు మనుషులు దొరకట్లేదు. ఈ బాధల్లో ఒక్కటీ కల్పన కాదు. రాష్ట్ర ప్రభుత్వ మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా నాయకత్వంలో ప్రభుత్వమే కమిటీ వేయాల్సి వచ్చింది. 2022లో అక్కడే మళ్లీ అదే మాట వినిపించింది.

పోరాటం న్యాయమైనదే. అయితే ఒకే తీర్మానం కింద నిలబడ్డవాళ్లు ఒకే కష్టంలో ఉన్నారనుకోవడం దగ్గరే నాకు పేచీ.

చేను సొంతదారు, అదే ఆసామి సంగతి చూడండి. కొబ్బరి తోట ఉంటుంది, కొడుకు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటాడు. ఒక సార్వా పోతే మక్తా, అంటే కౌలు రాబడి, పోతుంది గానీ పొయ్యి ఆగదు. ఆయనకు కావలసింది ధర, సర్కారు దిగిరావడం. చేలో దిగేది ఎక్కువగా కౌలు రైతు. వేస్తే నష్టం, వేయకపోతే తిండిగింజలకూ పశువుల గడ్డికీ కటకట. పైగా ఆసామి మాట కాదంటే వచ్చే ఏడు చేను ఇంకొకరికి పోతుందన్న బెంగ. కౌలుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం ఆ 2011లోనే వచ్చింది. 2019లో దాని స్థానంలో వచ్చిన చట్టం, కార్డు కావాలంటే ఆసామి ఒప్పుకోలు ఉండాలంది. రేపు ఎవరి సంతకం కోసం వెళ్లాలో ఆయన ఎదుటే కూర్చుని చెయ్యెత్తమంటే, ఆ చెయ్యి ఎటు లేస్తుందో వేరే చెప్పాలా? ఇక ఊడ్పు కూలీకి రైతుల సభలో కుర్చీయే ఉండదు. ఏడాది మొత్తం మీద నాలుగు డబ్బులు కళ్లజూసే రోజులు ఆమెకు ఊడ్పుల రోజులే.

వరిలో ఇంకో చిక్కుంది. ఒప్పుకోనివాడు తన మానాన తాను వేసుకోలేడు. చేను నుంచి చేనుకు నీరు పారే చోట పైవాడు మడి కట్టకపోతే కిందవాడికి తడి అందదు. ఎలాగో వేశాడే అనుకుందాం, చుట్టూ బీడే కాబట్టి ఊళ్లో ఎలుకలూ గొడ్లూ ఆ ఒక్క చేలోనే పడతాయి.

అందుకే విరామం ప్రకటించే ముందు ఇంకో కాగితం రాయాలంటాను. ఆ పంటకు మక్తా అడగబోమనీ, వచ్చే ఏడూ అదే కౌలుదారుకు చేను ఇస్తామనీ ఆసాములు సంతకం చేయాలి. ఊడ్పుల నెలల్లోనే ఉపాధి హామీ పనులు పెట్టించమన్న డిమాండు, మద్దతు ధర డిమాండు పక్కనే ఉండాలి, అడుగున ఎక్కడో కాదు.

ఇవన్నీ తేల్చుకుంటూ కూర్చుంటే ఐక్యత చెడుతుంది, అదను దాటిపోతుంది అంటారు. అదను మాట నిజమే, వ్యవసాయంలో వారం కూడా పెద్ద గడువే. కాబట్టి వేసవిలోనే కూర్చోవాలి. మక్తా వదులుకోవడమన్న మొదటి వాక్యం దగ్గరే సభ లేచిపోయిందంటే, ఆ తీర్మానం ఎంతమందిదో రోహిణి కార్తె రాకముందే తేలిపోతుంది.