కైలాసగిరిపై వనభోజనము

కార్తికమాసము వచ్చినతోడనే మన యిండ్లలో వనభోజనముల ముచ్చట మొదలగును. ఉసిరిచెట్టు నీడను ఆకులు వేసికొని భుజింపవలెనని పెద్దల యాచారము. పల్లెలలో తోటలకు కొదవ లేదు. పట్టణమున కాపురముండు సోదరీమణులకు వనమెక్కడ? విశాఖపట్టణములో ఈ ప్రశ్నకు తఱచుగా వినవచ్చు నుత్తరము కైలాసగిరి. మొన్నటి కార్తికమున మేమును అత్తగారిని, పిల్లలను వెంటబెట్టుకొని అచ్చటికి పోయితిమి.

సముద్రమున కెదురుగా నిలిచిన కొండ యిది. పైనున్న ఉద్యానవనము 380 ఎకరములని చెప్పుదురు. మెట్లదారి యున్నను, మోకాళ్లనొప్పి గల అత్తగారిని రోప్‌వే పెట్టెలో కూర్చుండబెట్టితిమి. అది నేలవిడిచినంతనే వారు కన్నులు మూసికొని శివనామము జపింప నారంభించి, పైకి చేరువఱకు తెఱవలేదు.

పైన 40 అడుగుల తెల్లని శివపార్వతుల విగ్రహము గలదు. అత్తగారు చేతులు జోడించి, "దీపమెక్కడ పెట్టవలెనమ్మా?" అని యడిగిరి. ఇది గుడి కాదు, ఆరుబయట చూచుటకు నిలిపిన విగ్రహమని చెప్పలేక నీళ్లు నమలితిమి. గుడి యున్నదని తోచునట్లు మాటాడి వారిని ఇల్లు కదలించినవారము మేమే గదా! గుడికో, పెండ్లికో, పురుటికో తప్ప గడప దాటని మనిషి. ఊరక చెట్టునీడను కూర్చుండుటకు రమ్మనిన వత్తురా? కావ్యములలోని వనవిహారములకు చెలికత్తెలే గాని అత్తగారు లేరు. అందుచే మాకు ఆ గ్రంథములేవియు తోడ్పడలేదు.

దక్షిణమున డాల్ఫిన్ నోస్ కొండ, ఉత్తరమున ఋషికొండ, నడుమ ఒంపు తిరిగిన తీరము కనబడును. జనమంతయు ఆవైపుననే. మేము మాత్రము ఉసిరిచెట్టును వెదకుచు తిరిగితిమి, మాకు కనబడలేదు.

ఈ కొండపై చెట్లను చూచునప్పుడు 2014 అక్టోబరు 12వ తేదీని మఱువరాదు. ఆనాడు హుద్‌హుద్ తుపాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలితో విశాఖవద్ద తీరము దాటి, నగరపు పచ్చదనమును ఒక్కనాటిలో ఊడ్చివేసినది. ఇచ్చటి కొండలు ఖొండలైటు రాతివి. పైన ఎఱ్ఱమన్ను పలుచగా నున్నచోట వేళ్లు లోతుకు దిగక ప్రక్కలకు ప్రాకును. తురాయివంటి చెట్లు త్వరగా పెరిగి, గొడుగువలె కొమ్మలు చాచి చూడముచ్చటగా నుండును. ఆ గొడుగే పెనుగాలికి పట్టు. కొమ్మలు లేని తాడిచెట్టు తలయూచి ఊరకుండును. నీడకొఱకు నాటువారు పూవులను మాత్రమే గాక వేరును గూడ చూడవలెనని మాకు తోచినది.

తుదకొక వేపచెట్టు క్రింద చాప పఱచితిమి. "ఉసిరిచెట్టు లేని వనభోజనమేమిటమ్మా?" అని అత్తగారు క్షణకాలము నిలువబడిరి. గుడి సంగతియు అప్పుడే ఒప్పుకొంటిమి. వారు మావంక చూచి, ఏమియు ననక, కొంగుముడి విప్పిరి. దీపమునకని తెచ్చిన రెండు ఉసిరికాయలను వేపమొదట నుంచి, "ఆకులు వేయి, పిల్లలకు ఆకలి" అనిరి. పులిహోర, కందాబచ్చలి, దద్ధ్యోదనము ముగిసినవి. బయలుదేరుదమని మూడుమాఱులు పిలిచితిమి. చెట్టునకు చేరగిలి, కాళ్లు చాచుకొని, "ఇంకొంచెముసేపు" అనిరి. ఎవరికిని వడ్డింపక, ఏమియు చేయక వారట్లు కూర్చుండుట ఈ యింటికి వచ్చిననాటినుండి మేమెఱుగము.

దిగునప్పుడు రోప్‌వేలో కన్నులు తెఱచియే యుండిరి. ఆ కాయలను మరల కొంగున కట్టుకొని వచ్చిరి. ఉసిరిటెంక ఎండలో బాగుగా ఎండిననే పగిలి, లోపలి విత్తులు బయటపడునట. వచ్చు కార్తికమునకు మొక్కలైనచో తోటవారి ననుమతి యడిగి కొండమీద నాటింతుమని వారి పట్టుదల. టెంకలు మా డాబాపై చేటలో ఎండుచున్నవి. కాకులు రాకుండ అత్తగారే కావలి.