మంచం కింద దాచిన రైలు



మా ఇంట్లో మంచం కింద ఒక రైలు స్టేషన్ ఉండేది. దాన్ని అక్కడికి తోయించింది నేనే. ఆ గల్తీ గురించే ఈ రోజు రాస్తున్నాను.

కిందటి ఈద్ సెలవుల్లో పిల్లల్ని నాగార్జున సాగర్ తీసుకెళ్లాం. లాంచీ ఎక్కి నాగార్జునకొండ మ్యూజియం చూశాం. డ్యామ్ నీళ్లలో మునిగిపోయిన లోయను అక్కడ చిన్న నమూనాగా చేసి పెట్టారు. నీళ్లు రాకముందు, 1954 నుంచి 1960 దాకా తవ్విన చోట్లన్నీ అందులో కనిపిస్తాయి. పన్నెండేళ్ల మా చిన్నోడు దాని ముందు నుంచి కదల్లేదు.

"అబ్బా, ఈ జాగా ఇప్పుడు ఎక్కడుంది?"

"నీళ్ల కింద, బేటా."

మిర్యాలగూడ తిరిగొచ్చాక వాడు పోయి దాదా పక్కన కూర్చున్నాడు. మా అబ్బాజాన్ జవానీలో మాచర్ల నుంచి గుంటూరుకు మీటర్ గేజ్ రైల్లో తిరిగినవారు. ఇప్పుడా లైన్ బ్రాడ్ గేజ్ అయింది. ఆ చిన్న రైలు ఇక లేదు. "అంటే అది కూడా నీళ్ల కింద పోయినట్టే కదా దాదా!" అన్నాడు వాడు. మర్నాడే పని మొదలుపెట్టాడు. ఒక పాత ప్లైవుడ్ పలక, పట్టాలకు చీపురు పుల్లలు, స్లీపర్లకు సగానికి విరిచిన అగ్గిపుల్లలు, నేలకు రైస్ మిల్లు నుంచి తెచ్చిన ఊక.

దునియాలో మోడల్ రైల్వేలు చేసేవాళ్లు ఎక్కువమంది వాడే కొలత ఒకటికి 87. దాన్నే హెచ్‌ఓ స్కేల్ అంటారు. మావాడు అదే పట్టుకున్నాడు. 21 మీటర్ల పైన ఉండే మన పాత నీలం బోగీ ఈ లెక్కలో జానెడు దాటుతుంది. మీటర్ గేజ్ పట్టాల మధ్య దూరం పదకొండున్నర మిల్లీమీటర్లకు దిగుతుంది. 124 మీటర్ల సాగర్ డ్యామ్‌ను 87తో భాగిస్తే మీటరున్నరకు కాస్త తక్కువ, అంటే దాదాపు మావాడి ఎత్తు! లెక్కల నోట్‌బుక్ చూస్తే ముఖం తిప్పుకునే పిల్లాడు ఈ హిసాబ్ అంతా గోడ మీద పెన్సిల్‌తో చేశాడు. నేను గోడ పాడైందని కోప్పడ్డాను.

ఒక జుమా రోజు సూర్యాపేట నుంచి మా ఆపా, కోదాడ నుంచి మా సాడూ భాయ్ కుటుంబాలతో వస్తున్నారు. "మెహమాన్ వస్తున్రు. ఆ కచ్రా మంచం కిందికి తొయ్యి. పూర్తయినంక చూపిద్దువు" అన్నాను. వాడు మాట్లాడకుండా తోశాడు.

భోజనాలయ్యాక ఆపా కూతురు దాన్ని బయటికి లాగింది. సూర్యాపేటకు, కోదాడకు బస్సులూ హైవేనే గానీ రైలు లేదు. ఆ పిల్లలకు అది అజూబా. అంతలో మోకాళ్ల నొప్పులతో కుర్చీ దిగని మా అబ్బాజాన్ వచ్చి నేల మీద కూర్చున్నారు. "ప్లాట్‌ఫారమ్ ఈ దిక్కు కాదు బేటా. నీళ్ల ట్యాంక్ ఇక్కడుండాలె" అంటూ మొదలుపెట్టి, ఇంజిన్ నీళ్లు తాగే చప్పుడు దాకా చెప్పుకొచ్చారు. నా ఉమర్ నలభై ఆరు. ఆ కిస్సాలు నేనూ అప్పుడే మొదటిసారి విన్నాను. మలుపు దగ్గర బోగీ ఎందుకు పడిపోతోందో ఆపా కూతురు పట్టుకుంది: వంపు మరీ ఇరుకు. ఆ స్టేషన్ పూర్తయి ఉంటే అబ్బాజాన్ దిద్దేవారు కాదు, ఆ పిల్ల వేలు పెట్టేది కాదు. అందరూ మాషా అల్లాహ్ అని చాయ్ తాగేవాళ్లు.

నా బాధ "పూర్తయినంక" అనే ఆ మాట మీదే. మన ఘరానాల్లో పిల్లలకు అది రోజూ వినిపిస్తుంది. ర్యాంకు వస్తే స్టేటస్ పెడతాం. ఇల్లు కడితే దావత్ ఇస్తాం. సగంలో ఉన్న పనిని, తప్పిన లెక్కను, పడిపోయిన బోగీని మాత్రం దాచేస్తాం. ఓడిన పనిని దాచుకోవాలని పిల్లలు మన దగ్గరే నేర్చుకుంటున్నారు. రేపు ఇంటర్‌లో ఫెయిలైన రోజున కూడా వాళ్లు దాచేది మన దగ్గరే కదా!

మోడల్ రైల్వే షౌఖీన్ల రివాజు దీనికి ఉల్టా. రంగు వేయని కొండ, బల్ల కింద వేలాడే వైర్లు, సరిగా అతకని సోల్డరింగ్, అన్నీ ఒకరికొకరు చూపించుకుంటారు. "మలుపు దగ్గర పడిపోతోంది" అని ఒకరంటే, "కనీసం 18 అంగుళాల రేడియస్ ఇచ్చి చూడు" అని ఇంకొకరు చెబుతారు. జర్మనీలోని హాంబర్గ్‌లో బ్రౌన్ అన్నదమ్ములు, కవలలు, 2001లో మినియేచర్ వండర్‌లాండ్ తెరిచారు. ఇప్పటికీ కొత్త భాగాలు కడుతూనే ఉన్నారు. జనం కొనుక్కునే టికెట్ అధూరీ పనికే! మన దగ్గర పుణెలో జోషి గారి చిన్న రైళ్ల మ్యూజియం కూడా ఒక మనిషి షౌఖ్ నుంచి పుట్టిందే.

"తాలీమ్ పాడవుతుంది" అనే వాలిదైన్‌కు ఒక్క మాట. అమెరికాలోని ఎంఐటీలో 1946లో విద్యార్థులు ఒక మోడల్ రైల్వే క్లబ్ పెట్టుకున్నారు. స్విచ్‌లు, రిలేలతో రైళ్లు నడిపిన ఆ కుర్రాళ్లలో కొందరు తర్వాత కంప్యూటర్ల మీద పడ్డారు. 1962 నాటి స్పేస్‌వార్ అనే కంప్యూటర్ ఆట రాసిన స్టీవ్ రస్సెల్ ఆ క్లబ్ మెంబరే. ప్రతి పిల్లాడూ అలా అవుతాడని నేననను. కానీ చేతులకు సబర్ నేర్పే పని ఎక్కడికీ పోదు.

"ఫుజూల్ ఖర్చు" అంటారా? విదేశీ ఇంజిన్ ఒక్కటే వేలల్లో ఉంటుంది, నిజమే. దాని కోసం అప్పు చేస్తే అది ఇస్రాఫే. అట్టముక్కకు, చీపురు పుల్లకు ఆ మాట వర్తించదు. ప్లాట్‌ఫారమ్ మీద మనుషుల బొమ్మలు పెట్టొచ్చా అని కొన్ని ఇళ్లలో అడుగుతారు. మీరు నమ్మే ఆలిమ్‌ను అడగండి. వంతెనకు, సిగ్నల్‌కు, రైలుకు ఆ బహస్ లేదు. ఇంకొకటి, ఇది మగపిల్లల షౌఖ్ మాత్రమే అనుకోకండి. మా ఇంట్లో అసలు లోపం పట్టింది ఆడపిల్ల.

నా గుజారిష్ ఒక్కటే. వచ్చే ఎండాకాలం సెలవుల్లో మీ మొహల్లాలో ఒక సాయంత్రం పిల్లల అధూరీ పనుల నుమాయిష్ పెట్టండి. రైలే కానక్కర్లేదు. కుట్టు, గాలిపటం, ఖత్తాతీ, విప్పేసిన రేడియో, ఏదైనా సరే. షరత్ ఒక్కటే: పూర్తయినవి తేకూడదు. బుజుర్గులకు ముందు వరసలో కుర్చీలు వేయండి. దిద్దాల్సింది వాళ్లే.

మా స్టేషన్ ఇప్పుడు దీవాన్‌ఖానాలో ఉంది. మెహమాన్ వస్తే దాని పక్కనుంచే నడిచి రావాలి. నీళ్ల ట్యాంక్ వచ్చింది. మలుపు ఇంకా సరికాలేదు, నిన్న రాత్రి కూడా బోగీ పడింది. ఎత్తి పట్టాల మీద పెట్టింది మా అబ్బాజానే.

ఖుదా హాఫిజ్.