నౌపడ బండికి లడఖ్ నూనె ఎందుకు?

నౌపడ అనగానే పెద్దవాళ్లకు రెండు సంగతులు గుర్తుకొస్తాయి. ఒకటి ఉప్పు. రెండోది పర్లాకిమిడి వైపు వెళ్లే చిన్నరైలు. 1900లో మొదలైన ఆ రెండున్నర అడుగుల పట్టాల రైలు 2004 దాకా నడిచి, ఆ తరువాత బ్రాడ్‌గేజిగా మారిపోయింది. ఇప్పుడు అక్కడి మనిషిని మోసేది ఎక్కువగా మోటారు సైకిలే. ఉప్పుమడులకు పనికి వెళ్లినా, భావనపాడు వైపునుంచి చేపలబుట్ట తెచ్చినా, టెక్కలి సంతకు పోయినా అదే బండి.

ఈమధ్య ఒక విడిభాగాల దుకాణంలో తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు వాళ్ల నాన్నతో వాదిస్తుంటే విన్నాను. "నాన్నా, సింథటిక్ ఆయిలే పోయించు. అదే మంచిది" అంటున్నాడు. "ఎందుకురా మంచిది?" అని అడిగాడు తండ్రి. కుర్రవాడు కాసేపు ఆలోచించి, "ఖరీదెక్కువ గదా!" అన్నాడు.

ఆ జవాబు విని నాకు నవ్వు రాలేదు. మనలో చాలామంది పెద్దవాళ్లం కూడా అదే లెక్కతో నూనె కొంటున్నాం. ఆ తండ్రి నిజంగానే రెట్టింపు డబ్బు పెట్టి డబ్బా కొన్నాడు. ఆ డబ్బు వృథా అయిందని నా అభిప్రాయం. ఎందుకు వృథాయో చెబుతాను. నచ్చకపోతే మీరూ వాదించవచ్చు.

ముందు నూనె చేసే పని చూద్దాం. ఎడ్లబండి ఇరుసుకు రాసేదాన్ని మనవాళ్లు కందెన అనేవారు. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి దాన్ని తయారుచేసేవారు. బండి కిందనో పక్కనో కందెన గొట్టం వేలాడుతూ ఉండేది. ఆవిరి రైళ్ల రోజుల్లో ఇరుసు పెట్టెల్లో నూనెలో తడిపిన నూలుపీచు కూరేవారు. ఇనుమూ ఇనుమూ నేరుగా రాసుకోకుండా మధ్యన నూనెపొర నిలవాలి. అదే సూత్రం మీ నాన్నగారి బండిలోనూ ఉంది. కాకపోతే వేగమే వేరు. ఇంజన్ నిమిషానికి 7200 చుట్లు తిరుగుతోందనుకోండి. అంటే సెకనుకు 120 సార్లు ముషలకం పైకి వెళ్లి కిందికి దిగుతుందన్నమాట! ఆ వేడిని మోసుకుపోవాలి, మసిని కడగాలి, తుప్పు పట్టకుండా చూడాలి. అంతేకాదు, మోటారు సైకిల్లో గేర్లూ, క్లచ్చి పలకలూ కూడా మామూలుగా ఆ నూనెలోనే మునిగి ఉంటాయి. కారులో అలా కాదు. ఈ తేడాను గుర్తుంచుకోండి, దీనితో మనకు పని ఉంది.

ఇక స్నిగ్ధత. మీ భౌతికశాస్త్ర పుస్తకంలో ఉన్న మాటే. ఇంట్లో ఒక ప్రయోగం చేయండి. ఒక గాజుపలకను ఏటవాలుగా నిలబెట్టి, పై అంచున ఒక చుక్క ఆముదం, ఒక చుక్క వేరుశెనగ నూనె, ఒక చుక్క కొత్త ఇంజనాయిలు పక్కపక్కనే వేసి, ఏది ముందు కిందికి చేరుతుందో చూడండి. తరువాత మూడు నూనెలనూ చిన్న గిన్నెల్లో పోసి, ఆ గిన్నెలను వేడినీళ్లలో పెట్టి, నూనె వేడెక్కాక మళ్లీ చేయండి. (పొయ్యి మీద నేరుగా కాచవద్దు సుమా!) చల్లగా ఉన్నప్పుడు బద్ధకంగా పాకిన ఆముదం వేడెక్కాక ఎలా పరుగెత్తుతుందో మీరే చూస్తారు. నూనెతో ఉన్న చిక్కంతా ఇదే. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మరీ చిక్కగా ఉండకూడదు, వేడెక్కాక మరీ పలుచన కాకూడదు.

డబ్బా మీద 10డబ్ల్యు-30 అనీ, 20డబ్ల్యు-40 అనీ రాసి ఉండేది దీన్ని గురించే. డబ్ల్యు అంటే ఇంగ్లీషులో చలికాలానికి గుర్తు. 10డబ్ల్యు నూనెను సున్నాకు దిగువన 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర పరీక్షిస్తారు, అంత చలిలోనూ ఇంజన్ తిరగనిస్తుందా అని. 20డబ్ల్యుకు ఆ పరీక్ష సున్నాకు దిగువన 15 డిగ్రీల దగ్గర. 5డబ్ల్యు అయితే సున్నాకు దిగువన 30. రెండో అంకె వేడిమీద లెక్క. 100 డిగ్రీల దగ్గర స్నిగ్ధత 9.3 సెంటిస్టోక్సు నుంచి 12.5 లోపు ఉంటే 30, అక్కడినుంచి 16.3 లోపు ఉంటే 40.

ఇప్పుడు చెప్పండి. మాఘమాసపు తెల్లవారుజామునైనా నౌపడలో బిందెలో నీళ్లు గడ్డకడతాయా? సున్నాకు దిగువన 30 డిగ్రీల చలికి సిద్ధపడిన నూనెకు మనవైపు ఏం పని? లడఖ్‌లో చలికాలం బండి నడిపేవాడికి అది కావాలి. అయితే ఇక్కడొక మాట న్యాయంగా చెప్పాలి. మొదటి అంకె చిన్నదైన నూనె మన ఊరి ఉదయాల్లో కూడా కాస్త తొందరగా పైభాగాలకు చేరుతుంది. కానీ ఆ లెక్కంతా వేసుకునే బండి తయారుచేసినవాళ్లు తమ చేతిపుస్తకంలో ఒక అంకె రాసి ఇచ్చారు. ఆ పుస్తకం సాధారణంగా సీటు కింద ప్లాస్టిక్ సంచిలో, ఎవరూ విప్పకుండా, భద్రంగా ఉంటుంది!

సింథటిక్ అంటే ఏమిటో చూద్దాం. ముడినూనెను శుద్ధిచేసి తీసిన మామూలు కందెన నూనెలో చిన్నా పెద్దా, పొడుగూ పొట్టీ రకరకాల అణువులుంటాయి. వేడికి చిన్నవి ముందుగా ఆవిరైపోతాయి. చలికి మైనంలాంటివి గడ్డకడతాయి. అలా కాకుండా ఒకే తీరు అణువులను మనమే కట్టుకుంటే? ఎథిలీన్ నుంచి డెసీన్ అనే పదార్థం చేసి, దాని అణువులను రెండు మూడు నాలుగు చొప్పున జోడిస్తే అటువంటి నూనె వస్తుంది. ఈ దారిలో 1929 ప్రాంతంలోనే అమెరికాలో ప్రయత్నాలు జరిగాయి. రెండో ప్రపంచయుద్ధంలో చలికి గడ్డకట్టని నూనె కోసం జర్మన్లు దీనిమీద చాలా కృషి చేశారు. మామూలు వాహనాల కోసం అంగళ్లలోకి వచ్చింది 1970లలో.

మరో రకం ఎస్టర్లు. వీటి కథ మనకు దగ్గరది. మొదటి ప్రపంచయుద్ధంలో కొన్ని విమానాల ఇంజన్లకు ఆముదమే పోసేవారు, పెట్రోలులో అది సులువుగా కరగదని. ఆ పొగ పీల్చిన పైలట్ల కడుపుల గతి ఏమయ్యేదో ఆముదం తాగిన ఎవరినడిగినా చెబుతారు! కాస్ట్రాల్ అనే పేరులో మొదటి సగం ఇంగ్లీషులో ఆముదానికున్న పేరే. ఆ తరువాత ఆముదం నుంచి సెబాసిక్ ఆమ్లం తీసి, దానితో చేసిన ఎస్టర్లను జెట్ ఇంజన్లకు వాడారు. నల్గొండ, మహబూబ్‌నగర్ మెట్టపొలాల్లో పండే గింజ, ఎడ్లబండి ఇరుసునుంచి జెట్ విమానం దాకా వెళ్లిందన్నమాట. చెట్టులేని ఊళ్లో ఆముదపు చెట్టే మహావృక్షం అని మనం దాన్ని వెక్కిరిస్తాం గాని, నూనెల ఊళ్లో అది నిజంగానే పెద్దచెట్టు.

అయితే డబ్బా మీద సింథటిక్ అని ఉన్నంత మాత్రాన లోపల ఇలా కట్టిన అణువులే ఉన్నాయనుకోవద్దు. ముడినూనెలోని భాగాన్నే హైడ్రోజన్‌తో, ఎక్కువ పీడనం దగ్గర గట్టిగా శుద్ధిచేసి దాన్నీ సింథటిక్ అనే అమ్ముతున్నారు. ఇది న్యాయమా కాదా అని అమెరికాలో రెండు పెద్ద కంపెనీలు తగవుపడ్డాయి. 1999లో అక్కడి ప్రకటనల సంఘం అలా అనడం తప్పు కాదని తీర్పిచ్చింది. నూనె నాణ్యమైనదే, నేను కాదనను. పేరు మాత్రం రసాయనశాస్త్రం పెట్టింది కాదు, వ్యాపారం పెట్టింది. సెమీ సింథటిక్ అనేది మరీ వదులైన మాట, అందులో ఏది ఎంత కలిపారో డబ్బా చెప్పదు.

మరి సింథటిక్ ఎవరికి? ఎండలో గంటల తరబడి హైవే మీద పరుగెత్తే పెద్ద ఇంజన్లకు, పందేల బండ్లకు, గడ్డకట్టే చలిప్రాంతాలకు. తయారీదారే అడిగితే మారుమాట లేకుండా అదే పోయాలి. ఇంటినుంచి ఉప్పుమడికీ, ఉప్పుమడినుంచి ఇంటికీ తిరిగే 100 సీసీ బండికి పుస్తకం మామూలు నూనె చాలంటే చాలు.

ధరకన్నా ముందు చూడవలసిన అక్షరాలు వేరే ఉన్నాయి. జపాన్ వాళ్ల ప్రమాణం ఒకటుంది, జాసో అని. గేర్ల మోటారు సైకిలుకు జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. గేర్లులేని స్కూటర్లకు ఎంబీ సరిపోతుంది, వాటి క్లచ్చి నూనెలో మునగదు గనుక. ఇది నాకు డబ్బు పోగొట్టుకున్నాక తెలిసింది. ఒకసారి ఒక దుకాణంలో, "కార్లకు పోసేది సార్, ఇంకా మంచిది" అంటే నమ్మి నా బండికి పోయించాను. వారం తిరక్కుండానే రైల్వే వంతెన ఎక్కుతుంటే ఇంజన్ అరుస్తోంది, బండి మాత్రం కదలనంటోంది! కార్ల నూనెల్లో కొన్నిటికి పెట్రోలు ఆదా కావాలని ఘర్షణ తగ్గించే పదార్థాలు కలుపుతారు. క్లచ్చి పనిచేసేది ఘర్షణ వల్లనే గదా! పలకలు పట్టుకోక జారాయి. నూనె ఖరీదుకు పలకల ఖరీదు తోడైంది.

మన తీరంలో ఇంకో చిక్కుంది. బండి రోజూ రెండు మూడు కిలోమీటర్లే నడిస్తే ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. పెట్రోలు మండితే నీటిఆవిరి పుడుతుందని మీకు తెలుసు. అందులో కొంత నూనెలోకి దిగి, ఆవిరైపోయే అవకాశం లేక అక్కడే ఉండిపోతుంది. నూనె మజ్జిగలా తెల్లబారితే అదే కారణం కావచ్చు. ఎంత గొప్ప నూనెకైనా ఈ గతి తప్పదు. అందుకే పుస్తకంలో కిలోమీటర్లతోపాటు నెలల గడువు కూడా ఇస్తారు. గేర్ల పళ్లమధ్య నలిగి నూనెలోని పొడవాటి పాలిమర్ అణువులు తెగిపోతాయి కూడా. ఖరీదైన నూనె పోశాం గదా అని గడువు దాటించే ఇంటికన్నా, మామూలు నూనెను వేళకు మార్చే ఇంటి బండే ఎక్కువకాలం బతుకుతుందని నేననుకుంటాను. ఉప్పుగాలికి గొలుసు తుప్పుపట్టడం వేరే సంగతి. దానికి ఇంజనాయిలుతో పనిలేదు, తుడిచి విడిగా నూనె వేయాలి.

నౌపడ వాళ్లకు నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది పాతనూనె గురించి. బండినుంచి దించిన నల్లనూనె ఏమవుతోంది? 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల కింద అది వచ్చేదే. అందులో మసితోపాటు అరిగిన లోహపు రజనూ, చర్మానికి హాని చేసే పదార్థాలూ ఉంటాయి. అయినా చాలాచోట్ల మురుగుకాలవలోకో, ఇసుకలోకో పోస్తారు. ఆ కాలవ ఎటు పోతుంది? నౌపడ చిత్తడినేలల వైపు పోయిందనుకోండి. తేలినీలాపురం చింతచెట్లమీద గూళ్లు కట్టే పెలికాన్ పక్షులూ, ఎర్రకాళ్ల కొంగలూ పిల్లలకు చేపలు ఏరుకొచ్చేది అక్కడినుంచే. మనం కూరలో వేసుకునే ఉప్పు పండేదీ ఆ చుట్టుపక్కలే.

అనుమతి ఉన్న శుద్ధి కర్మాగారాల్లో ఈ నూనెను మళ్లీ కందెన నూనెగా మార్చవచ్చు. అక్కడిదాకా చేరాలంటే ముందు ఎవరో ఒకరు దాన్ని పీపాలో పట్టాలి. ఈసారి మీ నాన్నగారు నూనె మార్పించడానికి వెళితే మీరూ వెంట వెళ్లండి. బండి మీరు నడపవద్దు, ఆ వయసు మీకింకా రాలేదు. డబ్బా మీద అక్షరాలు చదవండి, పుస్తకంతో పోల్చండి. తరువాత మెకానిక్‌ను మర్యాదగా అడగండి: "పాతనూనె ఎక్కడ పోస్తున్నారండీ?" పీపా చూపిస్తే, ఎవరు వచ్చి పట్టుకుపోతారో కూడా అడగండి.